సూదంత ధార

ఆసుపత్రికి బయల్దేరేముందు నా భార్య సైమి వంటింటి కుళాయిని మేజోళ్లు అల్లే సూదంత సన్నగా వదిలింది. తిప్పొద్దని చెప్పింది. ప్రతి చలికాలమూ చెప్పే మాటే. పారే నీరు అంత తొందరగా గడ్డకట్టదు. ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదని నలభై ఏళ్లు పోట్లాడాను. ఒక ఏడు నేనే కట్టేశాను. తెల్లారేసరికి గొట్టం బిగుసుకుపోయింది. సరస్సు మీది మంచుకి కన్నం కొట్టి, మూడు వారాలు ఆమే నీళ్లు మోసింది. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఈసారి సైమి తిరిగి రాలేదు. ధార మాత్రం ఆమె వదిలినట్టే ఉంది. కుళాయి మీద నేను చెయ్యి వేయలేదు. కాఫీకి నీళ్లు కావాలంటే కింద గిన్నె పెట్టి, నిండేదాకా నిలబడేవాణ్ని. ఇప్పుడు ఆ చప్పుడు వింటేనే నిద్ర.

బావి నుంచి ఇంటికి భూమిలో గొట్టం వచ్చే చోట సైమి ఎవరినీ నడవనిచ్చేది కాదు. మెత్తగా పడిన మంచే గొట్టానికి దుప్పటి. గుర్తుకి అటూ ఇటూ కర్రలు పాతేది. మంచులో దారి తెలియడానికి మా వైపు దారుల అంచులకూ అలాంటి కర్రలే పాతుతారు. ఆమెను పాతిపెట్టిన రోజున, ఖననం అయ్యాక ఇంటికి కాఫీకి జనం వస్తారని ఆమె తమ్ముడు తౌనో ట్రాక్టరు తెచ్చి, రెండు కర్రల వరసల మధ్య మంచుని మట్టి కనబడేదాకా గీకేశాడు. నేను చర్చి నుంచి వచ్చేసరికి అందరూ దాని మీదే నడుస్తున్నారు.

"దారనుకున్నా బావా."

"ముప్పై ఏళ్లుగా మీ అక్క కాఫీ తాగడానికి ఏ దారిన వచ్చావురా? ఎగిరి వచ్చావా?"

నేను పారతో మంచు తిరిగి కప్పాను, కానీ అది మునుపటి మెత్తటి దుప్పటి కాదు. సున్నాకి ముప్పై నాలుగు డిగ్రీలు కింద ఉంది చలి. ఐదో రోజు పొద్దున ధార దారమైంది, తరువాత చుక్కలు, తరువాత ఏమీ లేదు.

గడ్డ కరిగించడానికి తౌనో వేడినీళ్ల యంత్రం తెచ్చి గొట్టంలోకి సన్నటి పైపు దూర్చాడు. కుళాయి జోలికి పోవద్దని చెప్పి, యంత్రానికి నీళ్లు తేవడానికి సరస్సుకి వెళ్లాను. బకెట్లతో తిరిగి వచ్చేసరికి కుళాయి బార్లా తెరిచి ఉంది. తుప్పుతో ఎర్రబడ్డ నీళ్లు భళ్లున పడుతున్నాయి.

"పూర్తిగా విప్పకపోతే గొట్టం పగిలేది బావా."

నిజమే. అందుకే మరీ మండింది. వాడికి కాఫీ పోయలేదు. టోపీ చేతిలో తిప్పుకుంటూ కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

సైమి సగం అల్లిన మేజోడు నాలుగు సూదుల మీద ఉంది. అల్లడానికి వాడే ఐదోది ఖాళీ. దాన్ని తెచ్చి ధార పక్కన పట్టుకుని, కుళాయిని వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. చాలాసేపటికి కొలత కుదిరింది. చప్పుడు కుదరలేదు.

కట్టేయడానికి లేదు. మంచు కరిగే ఏప్రిల్ దాకా అది అలా పారాల్సిందే.