జహనుమా తాబేళ్ల సంఘం చరిత్ర

హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాలో సముద్రం లేదు. అయినా సముద్ర తాబేళ్ల రక్షణ సంఘం ఉంది, దానికి అధ్యక్షుడున్నాడు, అధ్యక్షుడికి బోలెడు శాలువాలున్నాయి. పాల డెయిరీ బాలనర్సింహ బాపట్ల వైపు చుట్టాలింటి పెళ్లికి వెళ్లి, ఇసుకలో గుడ్లు పెడుతున్న తాబేలును చూసి, మనసు కరిగి పెట్టిన సంఘం అది. కరిగిన మాట నిజమే. ప్రతి సభలోనూ చెబుతాడు గనక మరిచిపోదామన్నా కుదరదు.

పదేళ్లు నిండాయని బడిపంతులు వైకుంఠం సారు చేత సంఘం చరిత్ర రాయించారు. డెయిరీ వెనక షెడ్డులో సారు దాన్ని సభ్యులకు చదివి వినిపిస్తుంటే, బాలనర్సింహ భార్య లలితమ్మ చాయ్ అందిస్తూ విన్నది. మొదటి ఏడాది తాబేలు పిల్లలన్నీ క్షేమంగా సముద్రం చేరాయట. ఆమె చెయ్యి ఆగిపోయింది.

బర్రె ఈనే వేళ కొట్టంలో పెద్ద బల్బు వెలిగించి ఉంచడం వాళ్లింటి అలవాటు. తల్లికి దూడ కనబడాలి, కుక్కలు దగ్గరికి రాకూడదు. తాబేలు పిల్లలకూ అదే మర్యాద చేద్దామని ఆ ఏడు బాలనర్సింహ ఒడ్డు మీద, రోడ్డు పక్కన ఫోకస్ లైటు పెట్టించాడు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపే సముద్రం అనుకుంటాయని ఆయనకేం తెలుసు? అవన్నీ రోడ్డెక్కాయి. తెల్లారి లలితమ్మ నలిగిపోయిన పిల్లల్ని కొంగులోకి ఏరింది. తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు అన్నం సయించదు.

ఇప్పుడు చరిత్ర పుస్తకం ఆవిష్కరణ కూడా ఆ ఒడ్డునే, సరిగ్గా పిల్లలు బయటికొచ్చే రోజుల్లోనే. అధ్యక్షుడి పేరు మెరిసే లైట్ల తోరణం చాంద్రాయణగుట్టలో అప్పటికే తయారవుతోంది.

లలితమ్మ పళ్లెం కింద పెట్టింది. "సారూ, గట్ల కాదు. మొదటేడు పిల్లలన్నీ లైటు దిక్కు పోయి సచ్చినయి. గది రాయుండ్రి."

బాలనర్సింహ శాలువా సర్దుకుని, శుభమా అని చరిత్ర రాసుకుంటుంటే చావు కబుర్లెందుకని నవ్వాడు.

"రాయకుంటే రాయకు," అన్నదామె. "తోరణం మాత్రం పెట్టకు. పెడితే మైకు వట్టుకొని నేనే చెప్త."

ఆ మాటకు ఆయన నిజంగానే భయపడ్డాడు. "లైట్లు లేకుంటే ఫోటోలెట్ల వస్తయే?" అన్నాడు.

"రావు."

ఫోటోలు రాని చోటికి అంత దూరం పోవడం దండగని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆవిష్కరణ చాంద్రాయణగుట్ట ఫంక్షన్ హాల్లో, తోరణం కింద, బిర్యానీతో ఘనంగా జరిగింది. అదే సాయంత్రం లలితమ్మ చుట్టాలింటి ఆడవాళ్లతో ఒడ్డున దీపం లేకుండా కూర్చుంది. పిల్లలు ఇసుకలోంచి లేచి, ఒక్కటీ దారి తప్పకుండా నీళ్లలోకి వెళ్లిపోయాయి. ఆమెకు ఏడుపాగలేదు.

తర్వాత సంఘం చరిత్ర రెండో ముద్రణలో ఆ ఏడాది గురించి వైకుంఠం సారు ఒక్క వాక్యమే చేర్చాడు: అనివార్య కారణాల వల్ల ఈ సంవత్సరం తాబేళ్ల రక్షణ జరగలేదు.