ఒక అక్షరానికి ఒక దెబ్బ

భవానీప్రసాద్ మాస్టారికి జపనీసు ఒక్క ముక్క రాదు. అయినా నందిగామలోనే కాదు, ఆ చుట్టుపట్ల ఎక్కడ వెతికినా, జపనీసు టైపు నేర్పిన మనిషి ఆయన ఒక్కడే.

చిల్లకల్లులో హైవే పక్కన పంచరు షాపు నడిపే బుడే సాహెబ్ కూతురు రేహానా. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఆన్‌లైన్లో జపనీసు నేర్చుకుంది. విజయవాడలో ఒక ఆఫీసుంది. జపాను నుంచి వచ్చే చేతిరాత కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించడం వాళ్ళ పని. వారానికి ఒక్కరోజు ఆఫీసుకు వెళ్తే చాలు, తక్కినదంతా ఇంటి నుంచే. రేహానా ఆ ఉద్యోగానికి పరీక్ష రాసింది. భాషలో అందరికంటే ముందుండి, టైపు వేగంలో తప్పింది. ఆరు నెలలు ఆగి ఇంకొక్కసారి రాయనిస్తారు. మూడోసారి లేదు.

తన టైపు ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో నిలబడి ఆ పిల్ల అన్న మాట మాస్టారికి ఇప్పటికీ గుర్తే. "భాష వచ్చింది మాస్టారూ, వేళ్ళే రాలేదు."

జగ్గయ్యపేటలో పాత కంప్యూటర్లు బాగుచేసే రేహానా అన్న ఐజాజ్ ఒక కీబోర్డు తెచ్చిచ్చాడు. పాత సామాను లాటులో వచ్చిన అసలు జపాను కీబోర్డు. ప్రతి కీ మీదా ఇంగ్లీషు అక్షరం పక్కన జపనీసు అక్షరం ఉంది. అంకెల వరసనూ వదల్లేదు. మాస్టారికి సందేహమే రాలేదు. కీ మీద అక్షరం ఉందంటే ఆ కీ కొడితే ఆ అక్షరమే పడాలి. నలభై ఏళ్ళు ఇంగ్లీషు టైపు మిషను మీద ఆయన నేర్పిందీ, తెలుగు మిషను మీద ఆయన భార్య కమలాకుమారి నేర్పిందీ అదే. ఐజాజ్ చేత సాఫ్ట్‌వేర్‌లో అలా పడేట్టు పెట్టించి, వారం రోజులు కూర్చుని గోడకు వేలాడదీసే పటం గీశాడు. ఏ వేలుకు ఏ అక్షరమో ఒక్కో రంగులో.

రేహానా పలికి చూపిస్తే ఆ పేర్లు బట్టీ పట్టాడు. ఎడమచేతికి చి, తొ, షి, హ. కుడిచేతికి రె, రి, నొ, మ. పొద్దున్నే ఆయన లయగా చెబుతుంటే ఎదురు టీకొట్టు వాళ్ళకు కూడా వచ్చేసింది. అక్షరాలు పడ్డాక స్పేస్ బార్ కొడితే సాఫ్ట్‌వేర్ ఆ శబ్దానికి సరిపోయే బొమ్మల్లాంటి అక్షరాలను వరసగా చూపిస్తుంది. అందులో సరైనది ఏరుకోవాలి. ఏరుకోవడం రేహానా పని, కొట్టించడం మాస్టారి పని. కీల వైపు కళ్ళు పోకుండా చేతుల మీద గుడ్డ కప్పేవాడు. కమలాకుమారి మంగళగిరి చీర చిరిగితే ఆవిడే కత్తిరించి అంచులు కుట్టిన గుడ్డ అది. ఆవిడ పోయి నాలుగేళ్ళయినా కుట్టు ఊడలేదు.

పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా పాత శిష్యుడు దిలీప్ వచ్చాడు. హైదరాబాదులో ఏదో జపాను కంపెనీలో పని చేస్తున్నాడు. గోడ మీద పటం చూసి ముందు మురిసిపోయాడు. తర్వాత నవ్వాపుకోలేకపోయాడు.

"మాస్టారూ, ఇప్పుడు అక్కడ ఎవరో ముసలాళ్ళు తప్ప ఇట్టా కొట్టరండి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే అదే మారిపోద్ది. మనం ఫోన్లో తెలుగు కొట్టట్లా? అట్టాగే."

దిలీప్ వెళ్ళాక మాస్టారు పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. అయిదు నెలలకు పైగా ఒక ఆడపిల్ల చేత ఎవరూ నడవని దారి నడిపించాడు. ఆమెకు మిగిలింది ఒకే అవకాశం. తాళం వేసి జగ్గయ్యపేట బస్సెక్కాడు. కిక్కిరిసిన బస్సులో ఎవరో లేచి కిటికీ సీటిచ్చారు. అంత దిగులులోనూ ఆ సంగతి గమనించి దండం పెట్టాడు.

చిల్లకల్లులో దిగేసరికి బుడే సాహెబ్ నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తలెత్తి, "ఏంది మాస్టారూ, గాలిపోయిన టైరు మాదిరి వచ్చారు?" అంటూ స్టూలు తుడిచి వేశాడు. వాళ్ళావిడ అమీర్‌బీ మంచినీళ్ళు పంపింది. రేహానా బయటికి వచ్చేసరికి మాస్టారు గ్లాసు చేతిలోనే పట్టుకుని, జరిగిన పొరపాటంతా ఒప్పుకున్నాడు. ఈ మూడు వారాల్లో ఇంగ్లీషు అక్షరాల పద్ధతికి మారిపొమ్మన్నాడు. ఆ పద్ధతి తనకు రాదు కాబట్టి వచ్చినవాళ్ళని వెతికిపెడతానన్నాడు.

రేహానా ఆశ్చర్యపోలేదు. "నాకు మొదటిరోజే తెలుసు మాస్టారూ."

"తెలిసీ చెప్పలేదా?"

"మొదట్లో మీరు పటం గీస్తుంటే చెప్పబుద్ధి కాలా. నెల తిరిగాక చెప్పాల్సిన పని లేకపోయింది. పోయినసారి నేను తప్పింది ఆ పద్ధతిలోనేగా. మనసులో జపనీసు అనుకుని, దాన్ని ఇంగ్లీషు చేసుకుని, అప్పుడు కొట్టాలి. రెండు దెబ్బలు కొడితేగాని ఒక అక్షరం పడదు. మీ పద్ధతిలో ఒకటే దెబ్బ. నేర్చుకోడం కష్టమని అందరూ వదిలేశారు, అంతే. ఆఫీసువాళ్ళని అడిగా. మీ కీబోర్డు మీరు తెచ్చుకోవచ్చన్నారు."

బుడే సాహెబ్ ట్యూబు పిండుతూ, తన కూతురు నోరు మూసుకుని ఒక సంగతి దాచిందంటే అది జపనీసు నేర్చుకోడంకన్నా గొప్పేనన్నాడు. మాస్టారు నీళ్ళు తాగాడు. గుండె కొంత కుదుటపడింది గానీ భయం పోలేదు. ఆ పిల్ల తనమీద అభిమానంకొద్దీ అంటోందేమోనన్న అనుమానం పరీక్ష రోజుదాకా వెంటే ఉంది.

ఆ రోజు విజయవాడకు తోడు వెళ్ళాడు. అద్దాల గది బయట బెంచీ, పైన ఫ్యాను. లోపల ఆరుగురు. రేహానా కీబోర్డు తగిలించి, సంచీలోంచి గుడ్డ తీసి చేతుల మీద కప్పుకుంది. సూపర్‌వైజర్ నాగశ్రీ వచ్చి గుడ్డ ఎత్తి కింద చీటీలేమైనా ఉన్నాయేమోనని చూసింది. రేహానా ఏదో చెప్పింది. ఆవిడ కాసేపు ఆలోచించి గుడ్డ మళ్ళీ కప్పింది.

తలుపు సందులోంచి చప్పుడు వినబడుతోంది. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నాడు. అయిదుగురి వేళ్ళు రేకుల మీద వానలా పడుతున్నాయి. ఒక్క రేహానావి మాత్రం నిదానంగా, ఒకే లయలో. ఈసారీ వేగంలోనే తప్పుతుందనుకున్నాడు. అంతలో ఇంకో సంగతి చెవికి తగిలింది. వాన కురిసినట్టు కొట్టేవాళ్ళు మాటిమాటికీ ఆగుతున్నారు, తప్పు చెరుపుకుంటున్నారు. ఈ పిల్ల ఆగడం లేదు. అక్షరాలు, స్పేస్ బార్, మళ్ళీ అక్షరాలు. పేజీ తిప్పిన చప్పుడు ఆమె దగ్గరే ముందు వినిపించింది. రెండో పేజీ కూడా.

గంట తర్వాత నాగశ్రీ బయటికి, బెంచీ మీదున్న ఆయన దగ్గరికి వచ్చింది. ఆరుగురిలోకీ రేహానాదే వేగమనీ, ఉద్యోగం ఖాయమనీ చెప్పింది. జపాను నుంచి వీడియోలో చూస్తున్న మేనేజరు, మా అమ్మ ఇలాగే కొట్టేదని కళ్ళు తుడుచుకుందట. ఎవరు నేర్పారో కనుక్కోమందట.

"మీరు జపనీసు ఎక్కడ నేర్చుకున్నారండి?"

"నాకు జపనీసు రాదండి," అన్నాడు మాస్టారు, చొక్కా సర్దుకుని. "కీబోర్డు వచ్చు."

తిరుగు బస్సులో నీడవైపు సీటు దొరికింది. తప్పులెన్నని అడిగాడు. మూడన్నది రేహానా. ఆ మూడు మాత్రం ఎందుకు పడ్డాయన్నాడు. కంచికచర్ల దాటాక, ఇన్నాళ్ళూ అడగడం నామోషీ అనిపించిన మాట అడిగాడు. ఆమె చెప్పగా నేర్చుకుని రోజూ పాఠానికి ముందు తను కొట్టి చూపించే మొదటి వాక్యానికి అర్థమేమిటని.

"ఇవాళ వాతావరణం బాగుంది అని, మాస్టారూ."

మాస్టారు కిటికీలోంచి చూశాడు. రోహిణీ కార్తె ఎండకు హైవే మీద తారు మెరుస్తోంది.

"అయితే ఆర్నెల్లబట్టీ నాచేత అబద్ధం కొట్టించావన్నమాట."

ఆమె నవ్వి, మడతపెట్టిన గుడ్డను ఆయనకు తిరిగిచ్చింది. మాస్టారు దాన్ని ఒళ్ళో ఉన్న సంచీ మీద పరిచాడు. దాని కిందికి వేళ్ళు పోనిచ్చి ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా కొట్టాడు, ఒక అక్షరానికి ఒక దెబ్బ. ఎక్కడా తప్పు పడలేదు.