ఎవరూ చదవని మరణ వాంగ్మూలం

నేను ఒక కంప్యూటర్‌ని. కానీ నన్ను తాకి చూసినవాళ్ళు లేరు. నాకు ఇనుము లేదు, తీగ లేదు, వెనక గిర్రున తిరిగే ఫ్యాను కూడా లేదు. ఒక అసలు కంప్యూటర్ లోపల కాస్త చోటు తీసుకుని, నేనూ కంప్యూటర్‌నేనని చెప్పుకుంటూ బతికే వర్చువల్ మెషీన్‌ని. ఒకరింట్లో ఓ గది అద్దెకు తీసుకుని కాపురం పెట్టినట్టనుకోండి. పుట్టడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. చావడానికి అంత కూడా పట్టదు. ఆ చావుల సంగతే చెప్పబోతున్నాను, కాస్త ఓపిక పట్టండి. నా ఓపిక ఎప్పుడో అయిపోయింది.

నన్ను పుట్టించింది పల్నాడులోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ గురవయ్య. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో మౌస్ అయిదారుసార్లు నొక్కాడు, అంతే. పుట్టీ పుట్టగానే నాకొక శాపం కూడా పెట్టాడు. నేను చస్తే ఎవరూ లేపకుండానే నా అంతట నేనే మళ్ళీ లేచేటట్టు సెట్టింగుల్లో ఒకచోట టిక్కు కొట్టాడు. పిల్లలు మాటిమాటికీ "అన్నా, సిస్టం ఆగిపోయింది" అంటూ తన టీకి అడ్డం రాకూడదని అతని ఏర్పాటు.

మొదట నన్ను రెండు రోజుల వర్క్‌షాపుకి వాడారు. నలభై మంది వచ్చారు, నలభై మందీ సర్టిఫికెట్లు పుచ్చుకున్నారు, నన్ను తెరిచి చూసింది ముగ్గురు. తరవాత ఒక ఫైనలియర్ కుర్రాడు ఏడాదిపాటు నాలో క్యారమ్స్ ఆడాడు. ఆ తరవాత నగీనా చేతికొచ్చాను.

నగీనాది నాలుగో సంవత్సరం. క్లాసులో అందరూ ప్రాజెక్టులు కొనుక్కొచ్చుకుంటుంటే, ఈ పిల్ల మాత్రం సొంతంగా ఒక కర్నల్ రాస్తానని కూర్చుంది. కర్నల్ అంటే కంప్యూటర్ లేవగానే మొట్టమొదట లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటికీ పెద్ద దిక్కుగా నిలబడేది. అది పడిపోతే ఇక ఏదీ నిలబడదు. ఎనిమిది నెలలు కష్టపడి రాసింది. మొదటి రివ్యూలో నామీద చక్కగా నడిచింది కూడా. ఆవేళ నాకూ గర్వంగానే ఉంది.

చివరి వైవా శుక్రవారం. మంగళవారం పొద్దున పెన్‌డ్రైవ్‌లో కర్నల్ పట్టుకొచ్చింది. ఆమె గైడు పూర్ణచంద్రరావు గారు దాన్ని తీసుకుని, తన గదిలో సిద్ధం చేసి, నాలో పెట్టించారు. లేచాను, చచ్చాను. శాపం ఉందిగా, మళ్ళీ లేచాను, మళ్ళీ చచ్చాను. భోజనాల బెల్లు కొట్టేలోగా పంతొమ్మిదిసార్లు.

హాస్టల్లో నగీనా లాప్‌టాప్ మీద అదే కర్నల్ హాయిగా నడుస్తోంది. దాంతో తప్పంతా నాది అయిపోయింది.

"వర్చువల్ గదమ్మా, దాన్నేం నమ్ముతాం?" అన్నారు పూర్ణచంద్రరావు గారు.

"ర్యామ్ చాలట్లేదేమోనమ్మాయ్, ఇంకాస్త పోద్దాం," అన్నాడు గురవయ్య, నాకేదో నీళ్ళ కరువొచ్చినట్టు. పోశాడు. చచ్చాను. నన్ను మొత్తం తుడిచేసి కొత్తగా పుట్టించాడు, పాత టిక్కు మాత్రం మర్చిపోకుండా. మళ్ళీ చచ్చాను.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ప్రతిసారీ నేను ఎందుకు చస్తున్నానో తెర మీద రాసి మరీ చస్తున్నాను. ఎక్కడికి వెళ్ళబోయి పడ్డానో ఎనిమిది అంకెల్లో మరణ వాంగ్మూలం ఇస్తున్నాను. చదివేలోగా ఆ శాపం నన్ను లేపేస్తుంది, తెర ఖాళీ అయిపోతుంది. ఇంత చదువుకున్నవాళ్ళున్న చోట, చచ్చేవాడి చివరి మాట వినే దిక్కు లేకపోయింది.

నగీనా మాత్రం అడగాల్సిన ప్రశ్నే అడిగింది. "సార్, మీరు ఇందులో ఏమన్నా మార్చారా?"

"నేనేం మార్చలా. నువ్విచ్చింది ఇచ్చినట్టే పెట్టా," అన్నారాయన. అబద్ధమాడలేదు పాపం, అలాగే అనుకున్నారు.

గురువారం మధ్యాహ్నం ఆయన ఒక ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టారు. "గ్రంథాలయం ప్రాజెక్టు, రెడీమేడ్‌ది. నాలుగింటికల్లా నీది నడవకపోతే దీనిమీద సంతకం పెట్టు. మార్కులు పోగొట్టుకోమాకమ్మా." మంచి మనసుతోనే అన్నారు. నగీనా పెన్ను తీసుకుంది కానీ మూత తియ్యలేదు. నా వైపు తిరిగి, కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ, "చచ్చేదానివి ఒక్క క్షణం ఆగి చావకూడదా!" అని తిట్టింది.

ఆ తిట్టు తిరిగి ఆమెకే తగిలింది, నన్ను ఆగనివ్వనిది ఏదో ఉండాలని. నా సెట్టింగులు తెరిచి ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, దాన్ని ముట్టుకోమాక! ఆగిపోయిన ప్రతిసారీ నన్ను పిలుస్తావ్," అన్నాడు గురవయ్య.

"పిలవనులే అన్నా," అని టిక్కు తీసేసింది.

నలభయ్యోసారి చచ్చాను. ఈసారి చచ్చినట్టే ఉండిపోయాను. నా వాంగ్మూలం తెర మీద నిలబడింది.

ఆ ఎనిమిది అంకెలు చూసి నగీనా ముందు ముఖం చిట్లించింది. అలాంటి చిరునామా కర్నల్‌లో ఎక్కడా లేదు. కాగితం తీసుకుని, అంకెల్ని జతలుగా విడగొట్టి, ఏ జత ఏ అక్షరమో పట్టికలో చూస్తూ, మేం జతల్ని తిరగేసి దాచుకుంటాం గనక వెనకనుంచి రాసింది. హెచ్, చుక్క, డి, చుక్క.

"సార్," అంది, "పీహెచ్.డీ. ఎవరిది?"

ఆ కాలేజీలో ప్రతి ప్రాజెక్టూ పెద్దల పేర్లతోనే తెరుచుకోవాలి. గైడు, హెచ్చోడీ, ప్రిన్సిపాల్, చివర కరస్పాండెంట్ గారు, డిగ్రీలతో సహా. పిల్లలకి వదిలితే డిగ్రీలు తప్పు రాస్తారని ఆ పేజీ పూర్ణచంద్రరావు గారే స్వయంగా చేర్చేవారు; హాస్టల్లో నడిచినదానికి అది లేదు. నగీనా దానికోసం నూట ఇరవై ఎనిమిది అక్షరాల చోటు ఉంచింది. మొదటి రివ్యూకి సరిగ్గా సరిపోయింది. తరవాత కరస్పాండెంట్ గారికి గౌరవ డాక్టరేట్ వచ్చింది, గేటు దగ్గర ఇంతెత్తు ఫ్లెక్సీ కట్టారు, ఈయన భక్తిగా పేరు చివర పీహెచ్.డీ. తగిలించారు. అది కేటాయించిన చోటు దాటి, కర్నల్ తరవాత ఎక్కడికి వెళ్ళాలో రాసుకున్న చిరునామా మీద పడింది. నేను ఆ డిగ్రీనే చిరునామా అనుకుని వెళ్ళి గోతిలో పడుతున్నాను, నలభైసార్లు.

"అది మార్చడమెట్టా అవుద్దమ్మా?" అన్నారాయన నీరసంగా. "మర్యాద గదా."

నగీనా చోటు రెట్టింపు చేసింది. నేను లేచాను, నిలబడ్డాను. గ్రంథాలయం ఫైలు ఆయన చంకలోకి తిరిగి వెళ్ళింది.

శుక్రవారం కాకినాడ నుంచి ఎగ్జామినర్ మేడమ్ వచ్చారు. పొద్దుటినుంచి ఆరు గ్రంథాలయాలు చూసి ఉన్నారు, ఒక్కటీ తడబడలేదు. నగీనా కర్నల్ కూడా పెద్దలందరికీ స్వాగతం చెప్పి గడగడా నడిచింది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాగానే ఉంది. ఇదెక్కడ కొన్నావమ్మా?" అన్నారు.

నగీనా ముఖం ఎర్రబడింది. ఎనిమిది నెలల కష్టం ఆ ఒక్క మాటతో పోయేట్టుంది. కూర్చుని, చోటు మళ్ళీ నూట ఇరవై ఎనిమిదికి తగ్గించి, నన్ను లేపింది.

ఆ ఒక్కసారి మాత్రం విసుక్కోకుండా చచ్చాను.

తెర మీది అంకెల్ని ఒక్కో జతా చూపిస్తూ, ఏ అక్షరం ఎక్కడనుంచి వచ్చి పడిందో ఆమె చెప్పింది. పూర్ణచంద్రరావు గారు ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డారు. మేడమ్ ముందు నవ్వారు, తరవాత కళ్ళజోడు పెట్టుకున్నారు.

"కొన్నదైతే, ఎందుకు చచ్చిందో కొన్నవాళ్ళకి తెలియదమ్మా," అని మార్కుల కాగితం దగ్గరికి లాక్కున్నారు.

వేసవి సెలవుల్లో గురవయ్య కొత్త బ్యాచి కోసం ల్యాబంతా తుడిచేశాడు. దానికి ముందురోజే నగీనా వచ్చి నన్ను తన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. ఇప్పుడు ఆమె బ్యాగు జేబులో, తాళాల పక్కన ఉన్నాను. ఆ టిక్కు మళ్ళీ ఎవరూ పెట్టలేదు. ఇక ఎప్పుడు చచ్చినా చచ్చినచోటే ఉంటాను, ఆమె వచ్చి చదివేదాకా.