అరువు వయసు మీద లేచిన ఇల్లు

పొద్దున్నే లేచి ఇల్లంతా తిరిగి ఫోటోలు తియ్యడం ఖువేకి అలవాటైపోయింది. ముందుగదిలో ఒకటి, దూలాల కింద ఒకటి, వంటింటి గుమ్మంలో నిలబడి ఒకటి. తీసినవన్నీ భర్త తోవాన్‌కి పంపేది. అతను రైల్లో గార్డు. ఏ సైగాన్ స్టేషన్లోనో, ఏ హనోయ్ స్టేషన్లోనో టీ తాగుతూ వాటిని చూసుకుని, "బాగుంది" అని ఒక్క ముక్క రాసేవాడు. బాగుందని ఆమెకి ముందే తెలుసు. నిన్నటి ఫోటో పక్కన ఇవాళ్టిది పెట్టి చూసుకుంటే పని ఎంత కదిలిందో ఇట్టే తెలిసిపోయేది. కదలకపోతే ఆ రోజు మేస్త్రికి మూడిందన్నమాటే.

హ్యూ నగరంలో, యాహోయ్ పేటలో, కాలవ ఒడ్డున ఉందా ఇల్లు. పనస చెక్క స్తంభాలు, పాత పెంకుల కప్పు, గోడల నిండా చెదల దారులు. కొన్నాక బాగు చేయించి దిగుదామని తోవాన్ అన్నాడు. ఖువే వినలేదు. బజార్లోని అద్దె కొట్టు ఖాళీ చేసేసి, కుట్టుమిషన్లూ చాపలూ పట్టుకుని దిగిపోయింది. పెళ్ళికూతుళ్ళు తొడుక్కునే ఆవ్‌జాయ్‌లు, అంటే పొడుగు పట్టు అంగీలు, కుట్టడంలో ఆమెకి పేరుంది. చలికాలం పెళ్ళిళ్ళకల్లా ముందుగదిలో మిషన్లు తిరగాలి. "అయ్యే పనేనా?" అని ఎవరైనా నసిగితే, "అవకపోవడానికి ఏముంది?" అని ఎదురు ప్రశ్న వేసేది.

ఒక్క చిక్కు మాత్రం మొదట్లోనే వచ్చింది. ఇంటి పని ఎత్తుకోవాలంటే ఇంటి మగవాడి వయసు కలిసిరావాలి. తోవాన్‌కి ఆ ఏడు కలిసిరాలేదు. ఇంకో మూడేళ్ళదాకా కలిసిరాదని కూడా తేలింది. అలాంటప్పుడు అందరూ చేసేదే వాళ్ళూ చేశారు. వయసు కలిసొచ్చిన పెద్దమనిషి దగ్గర వయసు అరువు తెచ్చుకున్నారు. ఆ పెద్దమనిషి నాలుగిళ్ళ అవతల ఉండే థియెప్ బాబాయ్. అరవై దాటాయి. ఒకప్పుడు నది మీద పడవ నడిపేవాడు. ఇల్లు ఆయనకి అమ్మినట్టు ఉత్తుత్తి కాగితం రాసిచ్చి, ముహూర్తం పూట మొగుడూ పెళ్ళాలిద్దరూ చుట్టాలింటికి పోయి కూర్చున్నారు. ఆయన అగరొత్తులు వెలిగించి, ఈ ఇంటికి యజమానిని నేనేనని నేలదేవుడికి చెప్పుకుని, మొదటి గునపం దెబ్బ వేశాడు.

పని పూర్తయ్యాక ఆయన మళ్ళీ ఇల్లు వాళ్ళకి అప్పగించాలి. అప్పటిదాకా ఇల్లు ఆయనది. అప్పటిదాకా ఆయన ఇంకెవరికీ వయసు ఇవ్వకూడదు. తన సొంత ఇంట్లో ఒక్క పెంకు కూడా కదపకూడదు. ఆ పేటలో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఖువేకీ తెలుసు. కాకపోతే తన ఇంటి సందడిలో పడి ఆ సంగతి పూర్తిగా మర్చిపోయింది.

థియెప్ బాబాయ్ రోజూ పొద్దున్నే వచ్చేసేవాడు. వీధిలోంచే కేక వేసేవాడు.

"ఏమే అమ్మాయ్, అద్దెకున్నవాళ్ళు లేచారా?"

"లేచాం బాబాయ్. ఇంటిగలాయన మంచి టీ తాగుతాడా, మా టీ తాగుతాడా?"

"మీ టీయే పొయ్యి. మీకు మంచిది దొరికే రాత ఎక్కడుందిలే."

టీ తాగి, చేతులు వెనక్కి కట్టుకుని గదులన్నీ తిరిగేవాడు. స్తంభాల్ని వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. చివరికి వంటింటి గుమ్మంలో ఆగి ఎప్పుడూ ఒకటే మాట అడిగేవాడు. "ఇదెప్పుడవుద్దే?"

అది మాత్రం అయ్యేలా లేదు. ఎందుకంటే ఖువేకి వంటింటి నేల నచ్చడం లేదు. మొదట ఎర్ర పలకలు వేయించింది. పరిచాక చూస్తే కసాయి కొట్టులా ఉందని పీకించేసింది. తర్వాత తెల్లవి. అవి ఆసుపత్రిలా ఉన్నాయంది. డానాంగ్‌లో కూలగొడుతున్న ఒక పాత బంగళా నుంచి పూల సిమెంటు పలకలు వస్తున్నాయని ఎవరో ఫోటో పంపేసరికి ఆమె ప్రాణం లేచొచ్చింది. నీలం పువ్వు, చుట్టూ బూడిదరంగు తీగ. అచ్చం అలాంటి నేల మీద కూర్చునే చిన్నప్పుడు అమ్మమ్మ ఆమెకి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది. ఆ పలకలొచ్చేదాకా వంటిల్లు అలాగే ఉంటుందని చెప్పేసింది. అవి లారీ ఎక్కి రావడానికి ఇంకా మూడు వారాలు పడుతుంది.

ఆ మాట విని బాంగ్ మేస్త్రి తల బాదుకున్నాడు. మిగతా ఇల్లంతా అయిపోయింది. అతని మనుషులు బీడీలు కాలుస్తూ అరుగు మీద కూర్చుంటున్నారు. తోవాన్ కూడా ఫోన్లో మెల్లిగా నసిగాడు. ఖువే ఎవర్నీ లెక్కచెయ్యలేదు. ఒకసారి ఇల్లు చేతికొచ్చి వంటింట్లో పొయ్యి వెలిగించాక మళ్ళీ నేల తవ్వకూడదు. తవ్వాలంటే మొగుడి వయసు కలిసిరావాలి, అంటే మూడేళ్ళు ఆగాలి. అందుకే ఇప్పుడే, ఒక్కసారే, నచ్చినట్టు జరగాలి.

థియెప్ బాబాయ్ ఊరుకోలేదు.

"సాదా సిమెంటు పోసేసి ఊరుకోవే. అన్నం ఉడికేది పొయ్యి మీద కదా, నేల మీదా?"

"ఉడికేది పొయ్యి మీదే. నిలబడి వండేది నేను."

"వానలు వచ్చేస్తన్నాయి."

"నా కప్పు గట్టిగానే ఉంది, ఏం కాదు. ఇదిగో బాబాయ్, రోజూ ఇలా చెవినిల్లు కట్టుకుని పోరొద్దు. కాగితం మీద ఇల్లు మీదే, కాదన్లేదు. కాగితం కాగితమే కదా."

అరుగు మీద కూలీలు నవ్వారు. ముసలాయన నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, "సరేలే" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఖువే పట్టించుకోనట్టే తిరిగింది గానీ, రెండోరోజు వాకిట్లో కుంపటి మీద టీ కాచేటప్పుడు అలవాటుగా ఒక గ్లాసెడు నీళ్ళు ఎక్కువే పోసింది. మూడోరోజు తెల్లవారుజాము నుంచే వాన పట్టుకుంది. సముద్రంలో తుఫాను పుడుతోందని, వారం చివరికి ఒడ్డు చేరుతుందని టీవీలో చెప్పారు. అదే పొద్దున, పోయిన పెద్దలకి దండం పెట్టుకునే పీఠం గోడకి బిగించాల్సొచ్చింది. బాంగ్ మేస్త్రి సుత్తి పట్టుకోనన్నాడు.

"ఇంటాయన వచ్చి అగరొత్తి వెలిగించాలి. లేకుండా నేను మేకు కొట్టను."

"ఇంటాయన రైల్లో ఉన్నాడు."

"ఆ ఇంటాయన కాదమ్మా. అసలు ఇంటాయన."

గొడుగేసుకుని ఖువే బయల్దేరింది. కోపంగానే బయల్దేరింది. ముసలాళ్ళకి అలకలు ఎక్కువని దారిలో గొణుక్కుంది కూడా. థియెప్ బాబాయ్ గుమ్మంలో గొడుగు ముడిచి లోపలికి అడుగు పెట్టగానే కాలికి బకెట్ తగిలింది.

బకెట్ ఒక్కటే కాదు. గిన్నెలు, పళ్ళేలు, చివరికి పడవలో నీళ్ళు తోడే డబ్బా కూడా నేల మీద పరిచి ఉన్నాయి. కప్పులోంచి నీళ్ళు వాటిలో పడుతున్నాయి. మూలన పిన్ని, అంటే థియెప్ భార్య, తాటాకు కట్టలు విప్పి పొడి చోటు వెతుక్కుంటూ జరుపుతోంది. ఆవిడ ఎండ టోపీలు అల్లుతుంది. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ ఆకులే. తడిసినవి నల్లబడుతున్నాయి.

"బాబాయ్ ఏరి పిన్నీ?"

"పడవోళ్ళ దగ్గర పాత టార్పాలిన్ అడగడానికెళ్ళాడు." పిన్ని తలెత్తలేదు.

"కప్పు ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"పోయిన వానాకాలం నుంచి. ఈ ఏడు వేయించుకుందామని పెంకులు కూడా తెచ్చి పెరట్లో పేర్చాడు. అప్పుడే మీరొచ్చి వయసు అడిగారు. నాలుగు నెలల్లో అయిపోద్దని నువ్వేగా చెప్పావ్. ఇప్పుడు తుఫాను నెత్తి మీదుంది, నీకేమో పువ్వుల నేల కావాలి."

ఖువేకి తల కొట్టేసినట్టయింది. "ఒక్క మాట నాతో అనొచ్చుగా?"

"నేను అంటానంటే నా నోరు నొక్కేశాడు. యజమాని తొందరపడితే ఇంట్లో ఉండేవాళ్ళకి కలిసిరాదంట. కొత్తగా దిగిన పిల్లలు, వాళ్ళ మనసు కష్టపెట్టకే అన్నాడు. ఊరికే పెత్తనం చెయ్యడానికి వస్తన్నాడనుకున్నావు కదూ?"

అలాగే అనుకుంది. అబద్ధం చెప్పడం చేతకాక ఖువే నిండిన బకెట్ ఎత్తి బయట పారబోసి వచ్చింది. మళ్ళీ దాన్ని చుక్క పడే చోటే పెట్టింది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. రోజూ తన ఇంటి కప్పుకి, తన ఇంటి దూలాలకి ఫోటోలు తీసుకున్న మనిషి నాలుగిళ్ళ అవతలి కప్పుని ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.

అప్పుడే థియెప్ బాబాయ్ టార్పాలిన్ భుజాన వేసుకుని వచ్చాడు. ఆమెని చూసి, భార్యని చూసి, జరిగింది గ్రహించాడు.

"ఎల్లుండి మంచి రోజే బాబాయ్, క్యాలెండర్ చూశాను. ఎల్లుండి ఇల్లు మాకు అప్పగించెయ్యండి," అంది ఖువే.

"వంటిల్లు కాకుండానా?"

"అది తర్వాత చూసుకుంటాం."

"తర్వాత ఎలా చూసుకుంటావే? మూడేళ్ళు మట్టినేల మీద వండుతావా?" ముసలాయన టార్పాలిన్ కింద పడేశాడు. "నేనేమన్నా సరదాకి గునపం పట్టుకున్నానా? నేలదేవుడికి మాటిచ్చాను, ఇల్లు పూర్తిచేసి ఇస్తానని. సగం ఇల్లు నేను అప్పగించను. నా కప్పు నేను చూసుకుంటాను. నువ్వు నీ పలకలొచ్చేదాకా ఆగు."

ఖువే ఇంకా బతిమాలబోయింది. ఆయన వినలేదు. మొండితనంలో తనకి సరిజోడు దొరికాడని ఆమెకి అర్థమైంది. మొండివాళ్ళతో వాదించి లాభం లేదని ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? పీఠానికి అగరొత్తి వెలిగించడానికి మాత్రం రమ్మని ఒప్పించి, గొడుగు తీసుకుని ఇంటికొచ్చేసింది.

ముసలాయన వచ్చి అగరొత్తి వెలిగించి వెళ్ళాక డానాంగ్‌కి ఫోన్ చేసింది. ఆ పలకలు ఇంకెవరికైనా ఇచ్చేసుకోమంది. అవతలివాడు ఆశ్చర్యపోయి, "అంత మనసుపడ్డారు కదమ్మా?" అన్నాడు. "మనసుపడ్డాను. ఇచ్చెయ్యండి," అని పెట్టేసింది. ఒక్క నిమిషం ఆ ఫోటో చూసుకుంది. నీలం పువ్వు అందంగానే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేత్తో తుడుచుకుని అరుగు మీదకొచ్చింది.

"బాంగ్ మేస్త్రీ, బీడీలు పారేసి లెగండి. వంటింట్లో సిమెంటు పొయ్యాలి, ఇప్పుడే."

"పువ్వులో?"

"పువ్వులు పెరట్లో పూస్తాయిలే. నున్నగా రావాలి. నీళ్ళు ఒక్క చోట నిలబడినా మళ్ళీ పోయిస్తాను, నా సంగతి తెలుసుగా."

తెలుసు కాబట్టే వాళ్ళు మారుమాట్లాడకుండా లేచారు. సాయంత్రానికి నేల పోశారు. మర్నాడంతా ఆరనిచ్చారు. గుమ్మానికి అడ్డంగా ఖువే కుర్చీ వేసుకుని కూర్చుంది. పిల్లిని కూడా లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. ఆ రాత్రి బండికి తోవాన్ డ్యూటీ మార్చుకుని వచ్చాడు. నేల చూసి, భార్య మొహం చూసి, ఈసారి కూడా "బాగుంది" అనే అన్నాడు. కానీ చెయ్యి పట్టుకుని అన్నాడు.

మంచి రోజు తెల్లవారింది. వాన తెరిపిచ్చింది. ఉడికించిన కోడి, జిగురన్నం, తమలపాకులు పీఠం మీద సర్దింది. కబురందుకున్న థియెప్ బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, ముఖం గంటు పెట్టుకుని వచ్చాడు. సగం ఇల్లు అప్పగించనని చెప్పడానికే వచ్చినట్టున్నాడు. చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. అరికాలు నేల మీద ఒకటికి రెండుసార్లు రాసి చూశాడు.

"ఇది నువ్వు కోరుకున్న నేల కాదు."

"ఎవరన్నారు?"

"ఆ పలకలేం చేశావే?"

"ఎవరి వంటింటికి రాసిపెట్టుందో అక్కడికే పోయాయి. బాబాయ్, నేను అద్దెకున్నదాన్ని. ఇల్లు మీది. పూర్తయిందో లేదో నేను చెప్పకూడదు. మీరు చెప్పాలి."

ఆయన వేలి కణుపుతో గోడని కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ఈ మనిషి కాదంటే ఇక ఖువే దగ్గర ఇంకో ఎత్తు లేదు. తోవాన్ ఏదో అనబోతే కళ్ళతోనే ఆపింది.

"పూర్తయింది," అన్నాడు థియెప్ బాబాయ్. గట్టిగా దగ్గి మళ్ళీ అన్నాడు. "పూర్తయింది. దివ్యంగా ఉంది."

పీఠం ముందు నిలబడి అగరొత్తులు వెలిగించాడు. ఇవాళ్టిదాకా ఈ ఇంటికి యజమానిని నేనని, ఇవాళ ఈ పిల్లలకి అప్పగిస్తున్నానని, వీళ్ళని చల్లగా చూడమని పెద్దగా చెప్పుకున్నాడు. ఉత్తుత్తి కాగితం తోవాన్ చేతిలో పెట్టాడు. తోవాన్ పొయ్యి వెలిగించాడు. ఖువే వంగి ముసలాయనకి రెండు చేతులా దండం పెట్టింది. నిండు మనసుతో పెట్టింది.

"ఇప్పుడు ఇల్లు నాదేగా బాబాయ్?"

"నీదేనే తల్లీ."

"అయితే నా ఇంట్లోంచి బయల్దేరండి. జిగురన్నం పిన్నికి పంపిస్తాను. బాంగ్ మేస్త్రి మనుషులందర్నీ తీసుకుని పొద్దున్నుంచి మీ గుమ్మంలో నిచ్చెనతో నిలబడున్నాడు. ఇంటాయన వచ్చి మొదటి పెంకు దించితే గానీ పైకి ఎక్కనంటున్నాడు."

థియెప్ బాబాయ్ గబగబా గుమ్మం దాటి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.