తుడిచేసిన నీళ్లు

బకెట్టమ్మ కాన్పుల వార్డు వసారా సగం తుడిచేసరికి, చివరి మంచం మీద కూర్చున్న అమ్మాయికి ఉమ్మనీరు పోయింది. బకెట్టమ్మ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్లుగా చేతిలోంచి బకెట్టు దిగలేదు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు, ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది.

పెద్ద డాక్టరమ్మ వచ్చే వేళకు నేల మీద చుక్క కనబడకూడదని వార్డు కట్టడి. అందుకే ఆమె చెయ్యి ఆలోచన లేకుండా గుడ్డ పరిచి, తుడిచి, పిండేసింది. వేళ్ల సందుల్లోంచి కారిన రంగు ఆ తర్వాతే చూసింది. మంచి ఉమ్మనీటికి రంగుండదు. ఇది ఆకుపచ్చగా, చిక్కగా ఉంది. బిడ్డకు లోపల ఊపిరాడనప్పుడు నీళ్లు ఇలా మారతాయని ఇన్నేళ్లలో ఆమె ఎన్నిసార్లు చూడలేదు!

"నర్సమ్మా, ఈ పిల్లకి నీళ్లు ఆకుపచ్చగా పోయాయమ్మా. తొందరగా చూడండి."

పదిమందికీ ఒక్కతే నర్సు. "ఏవీ?" అంది.

బకెట్టులో నీళ్లు పొద్దుటి మురికంతా కలిసి నల్లగా ఉన్నాయి. బకెట్టమ్మ గుడ్డ చాపింది.

"దాంతో ఏమేం తుడిచావో ఏమో!" నర్సు అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు చూశావా?"

"లేదండీ. ఆయమ్మ వెంటనే తుడిచేసింది."

నర్సు అమ్మాయి కేసు కాగితం మీద 'నీళ్లు మామూలు' అని రాసి పక్క మంచం దగ్గరికి పరుగెత్తింది.

ఇంట్లో చెవిటి అక్కకు అరిచి చెప్పడం, ఇక్కడ చెవులున్నవాళ్లకు గొణిగి చెప్పడం, బకెట్టమ్మ బతుకంతా ఇదే వరస. ఈరోజు మాత్రం గుడ్డ ఉతకలేదు. డాక్టరమ్మకు చూపించాలని కిటికీ ఊచకు వేలాడదీసింది.

"ఏమన్నా అయిందా అక్కా?" అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదు తల్లీ. ఎడమవైపు తిరిగి పడుకో."

అబద్ధం చెప్పడం తప్ప ఆమె చేతిలో ఇంకేమీ లేదు.

డాక్టరమ్మ మధ్యాహ్నానికి గానీ రాలేదు. అమ్మాయి కడుపు మీద చెవిగొట్టం ఆన్చి బిడ్డ గుండె చప్పుడు వినగానే ఆమె ముఖం మారిపోయింది. "నీళ్ల రంగు ఎవరూ చూడలేదా?" అని అరుస్తూ మంచాన్ని తోయించుకుంటూ లోపలికి పరుగెత్తింది.

"చూశానమ్మా," అంది బకెట్టమ్మ. అప్పటికే తలుపు మూసుకుంది.

ఆమె తలుపుకు చెవి ఆన్చి చాలాసేపు నిలబడింది. బిడ్డ ఏడుపు వినబడలేదు. తల్లి ఏడుపు వినబడింది.

సాయంత్రం బకెట్టు కడిగి బోర్లించి ఆమె ఇంటికి వెళ్లిపోయింది. కిటికీ ఊచ మీద గుడ్డ ఎండిపోయి, దాని అంచున ఆకుపచ్చ మరక ఇప్పుడు ఎవరికైనా కనబడేలా ఉంది.