ఎర్రదీపం వెలిగితే ఆగాల్సిందే

చిన్నకూతురికి నొప్పులు మొదలయ్యేసరికి ఇంట్లో ఉన్నది తల్లీ ఇద్దరు కూతుళ్ళే. అల్లుడు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేస్తే అంబులెన్సు రావడానికి ఆలస్యమవుతుందన్నారు. గుమ్మం ముందు మాత్రం అల్లుడి కారు ఉంది.

"నేను తీసుకెళ్తాను," అంది పెద్దకూతురు. ఆమెకి బట్టలు కుట్టే దుకాణం ఉంది. లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచీ కారుని వీధి చివరిదాకా తిప్పి తేవడమే తప్ప, పెద్దరోడ్డు ఎక్కించిన పాపాన పోలేదు.

"నువ్వా!" తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"పోనీ నువ్వు నడుపుతావా?"

తల్లి చిన్నకూతుర్ని వెనకసీట్లో కూర్చోబెట్టి, పక్కన తనూ ఎక్కింది. సంచీ, ఫ్లాస్కు, దుప్పటి ఒకదాని మీదొకటి వచ్చి పడ్డాయి. తలుపులు ధడేల్ ధడేల్మన్నాయి. కారు కదిలింది.

పెద్దరోడ్డు మీద బస్సులు చెవులు చిల్లులు పడేలా హారన్లు కొడుతూ దూసుకుపోతున్నాయి. పెద్దకూతురు ఊపిరి బిగబట్టి వంతెన ఎక్కించింది. అప్పుడు కనబడింది, స్టీరింగు వెనక ఎర్రగా వెలుగుతున్న చిన్న దీపం. తలుపు తెరుచుకున్న కారు బొమ్మ. బయల్దేరినప్పటి నుంచీ వెలుగుతూనే ఉన్నట్టుంది, ఆ కంగారులో ఎవరు చూశారు!

"అమ్మా, మీ తలుపులు సరిగ్గా పడ్డాయా?"

"పడ్డాయి పడ్డాయి, నువ్వు పోనీ!"

అద్దంలో చూస్తే చెల్లెలు నొప్పికి మెలికలు తిరుగుతూ తలుపుకి ఒరిగిపోయి ఉంది. ఎదురుగా వంతెన దిగే మలుపు. పెద్దకూతురు కారు పక్కకి తీసి ఆపేసింది.

"ఎందుకాపావే? కడుపులో బిడ్డ నీకోసం ఆగుతుందా?"

"ఆగకపోతే ఇక్కడే కంటుంది. దీన్ని మాత్రం రోడ్డు మీద పారేసుకోలేను!"

పరుగున దిగి అటు వెళ్ళి చూసింది. దుప్పటి కొస తలుపులో ఇరుక్కుని ఉంది. పిడి ఇలా పట్టుకుందో లేదో తలుపు ఊడిపడ్డట్టు తెరుచుకుంది. చెల్లెలు తన మీదకి తూలబోతే భుజం అడ్డుపెట్టి లోపలికి నెట్టింది. దుప్పటి లోపల కుక్కి, "చేతులు లోపల పెట్టుకోండి!" అని అరిచి, తలుపు బలంగా వేసింది. లాగి చూసింది. మిగతా తలుపులూ లాగి చూసింది. సీట్లో కూర్చుని మీట నొక్కితే అన్నీ ఒక్కసారే టక్కుమన్నాయి. దీపం ఆరిపోయింది.

మలుపు తిరుగుతుండగానే ఒక లారీ అడ్డంగా దూరింది. పెద్దకూతురు స్టీరింగు గిర్రున తిప్పింది. తల్లి వెళ్ళి చిన్నకూతురి మీద పడింది, ఇద్దరూ కలిసి ఆ తలుపు మీద పడ్డారు. తలుపు ఇసుమంతైనా కదల్లేదు.

"అక్కా," అంది చెల్లెలు మూలుగుతూనే నవ్వుతూ, "నొప్పులకన్నా అమ్మ బరువెక్కువగా ఉందే!"

తల్లి లేచి కూర్చుని, "నీ ఇష్టమొచ్చినట్టు పోనీ తల్లీ, నేనిక నోరెత్తను," అంది.

నోరెత్తకుండా ఉంటే ఆవిడ ఆవిడే కాదు. ఆసుపత్రి ముందు ఆగగానే తలుపు బాదడం మొదలుపెట్టింది. "రావట్లేదే! తియ్యవే!"

"ఉండమ్మా, లాకు వేశానుగా!"

నర్సులు చక్రాల కుర్చీలో చెల్లెల్ని లోపలికి తీసుకెళ్ళారు. తల్లి బెంచీ మీద సర్దుకు కూర్చునేలోపే పసిఏడుపు వినబడింది. ఆడపిల్ల.

కబురంది అల్లుడు ఫ్యాక్టరీ బట్టల్లోనే రొప్పుతూ వచ్చాడు. "ఎవరు తీసుకొచ్చారు అత్తయ్యా?"

"ఇంకెవరు, నా పెద్దకూతురు!" అంది తల్లి, వరండా అంతా వినబడేలా.

అంతలో కాపలా మనిషి వచ్చి, గేటుకి అడ్డంగా ఉన్న కారు తియ్యమన్నాడు. పెద్దకూతురు లేవబోయింది. గేటు అవతల రోడ్డుకేసి చూసింది. మళ్ళీ కూలబడి, పగలబడి నవ్వుతూ తాళాలు మరిది చేతిలో పెట్టింది.

"నువ్వు తియ్యి బాబూ. నేను ముందు పాపని ఎత్తుకోవాలి."