ఎడమ మూల కాచే పిల్ల

జనగామ కాలేజీ కబడ్డీ జట్టులో ఎడమ మూల కాచే నవ్య చేతికి రైడర్ కాలు చిక్కితే ఊడేది కాదు. అలాంటిది వారం నుంచి ఆమె పట్టు జారిపోతోంది. పైగా హాస్టల్ వదిలి రోజూ తండాకు పోతోంది. ఎల్లుండి తమతో ఆడబోయే తొర్రూరు జట్టు కెప్టెన్ హారికదీ అదే తండా. ఇద్దరూ జంటగా తిరుగుతున్నారని చెవిన పడగానే, పిల్ల అమ్ముడుపోయిందని కోచ్ వెంకటేశ్వర్లు తేల్చేశాడు.

ఇవాళ ప్రాక్టీసులో మళ్లీ పట్టు వదిలి, పిక్క పట్టేసి కూలబడింది. అంతా నాటకమనుకుంటూనే ఆయన ఉప్పు వేసిన నిమ్మరసం ఇచ్చాడు. ఆమె గ్లాసు వెనక్కి నెట్టింది.

"తాగవేంది? బాగయితే ఆడాల్సొస్తదనా?"

"ఉప్పు ముట్టద్దు సార్. మా తండాల తీజ్ పండుగ నడుస్తాంది. పెండ్లిగాని పిల్లలం పండుగ అయ్యేదాంక సప్పిడిదే తినాలె. పొద్దుమీకి బుట్టలల్ల గోధుమ మొలకలకు నీళ్లు పొయ్యాలె."

కోచ్ గ్లాసు పక్కన పెట్టాడు. అయినా అనుమానం చావలేదు.

"మరి ఆ హారికతోని ఏం ముచ్చట్లు?"

నవ్య పిక్క ఒత్తుకుంటూ తల ఎత్తింది.

"అది గుడ సప్పిడి కూడే తింటాంది సార్. ఆడలేకపోతాంది. జనగామోళ్లకు అమ్ముడువోయినవా అని వాళ్ల సారు అడుగుతుండట."